చౌడు యాజమాన్యం: వేరు శ్వాసను మరచిన సిఫార్సులు

కణత్వచాన్ని గురించిన పాఠాలలో సోడియం–పొటాషియం పంపుకు ప్రముఖ స్థానం ఉంది. 1957లో డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కౌ పీత నాడులలో ఈ ఎంజైమును గుర్తించారు. ఆ కృషికి 1997లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిలో భాగం పొందారు. ఒక ఏటీపీ అణువును వెచ్చించి ఈ పంపు 3 సోడియం అయాన్లను కణం వెలుపలికి పంపుతుంది, 2 పొటాషియం అయాన్లను లోనికి తెస్తుంది. అయితే ఇది జంతుకణాల ఏర్పాటు. వరి, మినుము, పత్తి వంటి పైర్లలో ఈ పంపు లేదు. ఈ భేదాన్ని విద్యార్థి దశలోనే స్పష్టం చేయకపోవడం వల్ల చౌడు భూములపై ఇచ్చే సలహాలలో ఒక లోటు మిగిలిపోతున్నది.

పైరు వేరు సోడియంను పరోక్షంగా తొలగిస్తుంది. ముందుగా ప్రోటాన్ పంపు ఏటీపీని వినియోగించి ప్రోటాన్లను కణం వెలుపలికి నెడుతుంది. అవి తిరిగి లోనికి వచ్చేటప్పుడు, ఎస్ఓఎస్1 అనే వాహక ప్రోటీను వాటికి బదులుగా సోడియంను బయటికి పంపుతుంది. లోపల మిగిలిన సోడియంను ఎన్‌హెచ్‌ఎక్స్ వాహకాలు ఇదే పద్ధతిలో రిక్తికలో బంధిస్తాయి. దారువులోకి చేరిన సోడియంను హెచ్‌కేటీ వాహకాలు వెనక్కు తీసుకొని ఆకులను కాపాడతాయి. నోనా బొక్రా వరి నుండి 2005లో వేరుచేసిన ఎస్‌కేసీ1 జన్యువు ఈ కోవకు చెందినదే.

ప్రోటాన్ పంపుకు కావలసిన ఏటీపీ వేరు శ్వాసక్రియ నుండి లభిస్తుంది. శ్వాసక్రియకు ఆక్సిజన్ అవసరం. ఆక్సిజన్ అందనప్పుడు ఒక గ్లూకోజ్ అణువు నుండి వేరుకు దక్కేవి 2 ఏటీపీలు మాత్రమే. అందువల్ల నీరు నిలిచిన చౌడు నేలలో పైరుకు రెట్టింపు నష్టం కలుగుతుంది: బయట లవణం పెరుగుతుంది, దానిని నెట్టివేసే శక్తి లోపల తగ్గుతుంది. వరి తన వాయుకణజాలం ద్వారా వేరుకు గాలిని చేరవేసుకొని కొంత తట్టుకోగలదు. వరి తరువాత వేసే మినుముకు ఆ సౌకర్యం లేదు.

క్షేత్రంలో మాత్రం చౌడు అనగానే జిప్సం, తట్టుకునే రకం, అదనపు పొటాష్ అనే సలహాలే ముందుగా వినిపిస్తాయి. వినిమయ సోడియం 15 శాతం దాటిన కారు చౌడుకు జిప్సం సరైన మందు. కరిగే లవణాలు అధికంగా ఉన్న పాల చౌడుకు మంచి నీటితో లవణాలను కడిగి, ఆ నీటిని పొలం దాటించడమే మార్గం. కారు చౌడులో సైతం జిప్సం విడిపించిన సోడియం బయటికి పోవాలంటే మురుగు కాలువ ఉండాలి. పొటాష్ పైరు పోషణకు అవసరమే. కానీ శక్తి కొరవడిన వేరు దానిని సమర్థంగా గ్రహించలేదు.

మురుగు వసతి ఖర్చుతో కూడినదని, ఒక్క రైతు వల్ల అయ్యేది కాదని వచ్చే ఆక్షేపణలో నిజం ఉంది. భూగర్భ గొట్టాల విషయంలో అది మరింత వర్తిస్తుంది. అయినా కోనంకి, ఉప్పుగుండూరు ప్రాంతాలలో ఇండో–డచ్ పథకం కింద ఈ పద్ధతిని రైతుల పొలాలలోనే పరీక్షించారు. గట్టు పక్కన కాలువ తీయడం, పూడిన ఉమ్మడి కాలువను బాగుచేయడం గ్రామస్థాయిలో సాధ్యమయ్యే పనులే.

కాబట్టి విస్తరణ శాస్త్రవేత్త చౌడు పొలంలో మట్టి నమూనాతో పాటు నీరు పోయే దారినీ పరిశీలించాలి. మురుగు పారుదల సూచన లేని చౌడు సిఫార్సును అసంపూర్ణంగానే పరిగణించాలి. తరగతి గదిలో స్కౌ పంపు పక్కనే ప్రోటాన్ పంపును బోధిస్తే, ఆ సూచనకు కారణం విద్యార్థికి ముందే బోధపడుతుంది.