‘మోడర్న్ తీసుకో’ అనే పెద్దలకు

మా పెద్దమ్మ కూతురు బెంగళూరులో బి.ఏ. చదువుతోంది, చరిత్ర మేజర్. వచ్చే ఏడు ఏ కాలం మీద ఎక్కువ పేపర్లు తీసుకుంటావో రాసివ్వమని కాలేజీలో ఫారం ఇచ్చారంట. పండగకి హోసూరు వచ్చినప్పుడు ఆ ఫారం ఇంట్లో అందరి చేతులూ మారింది. “మోడర్న్ ఇండియా తీసుకోమ్మా, పోటీ పరీక్షలకి పనికొస్తుంది” అన్నాడు మామ. పక్కింటి మాస్టారిదీ అదే మాట. అక్క “నాయక రాజుల కాలం” అనేసరికి, “ఆ పాత గోల ఎవరికి కావాల?” అని నవ్వినారు.

ఆ నవ్వు నాకు నచ్చలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు పరీక్షల సంగతే చూద్దాం. సివిల్స్‌లో చరిత్రను ఆప్షనల్‌గా తీసుకుంటే మొదటి పేపరంతా ప్రాచీన, మధ్యయుగ భారతమే. ఆధునిక భారతం, ప్రపంచ చరిత్ర రెండో పేపరు. అంటే సగం మార్కులు ఆ “పాత గోల”వే! సిలబస్ చూడకుండా సలహా ఇచ్చేవాళ్ళని ఏమనాల? పెద్దవాళ్ళు కాబట్టి ఊరుకుంటున్నాను.

ఇంక అసలు విషయం. 1673 దాకా తంజావూరిని ఏలిన నాయకులు తెలుగులో రాశారు, రాయించారు. రఘునాథ నాయకుడూ, ఆయన కొడుకు విజయరాఘవుడూ ఇద్దరూ కవులే. తరువాత వచ్చిన మరాఠా రాజు షాహాజీ కూడా తెలుగులో నాటకాలు రాశాడు. సరస్వతీ మహల్ గ్రంథాలయంలో ఆ తెలుగు తాళపత్రాలు ఈ రోజుకీ ఉన్నాయి. 1800 ప్రాంతంలో మెకంజీ దొర కోసం కావలి సోదరులు సేకరించిన కైఫీయతులు చెన్నై ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికి చేరాయి. వాటిలో రాజుల సంగతే కాదు, ఊళ్ళ సంగతులు, గుళ్ళు, చెరువులు, మాన్యాలు ఉంటాయి. రాత ఉంది, చదివేవాళ్ళేరీ?

మా తాత ట్రంకుపెట్టెలో ఒక పాత క్రయపత్రం ఉంది, గొలుసుకట్టు తెలుగులో. పోయినేడు బావి హక్కు తగాదా వచ్చినప్పుడు దాన్ని బయటికి తీశారు. తమిళంలో చదువుకున్న మామకి ఒక్క ముక్క అర్థం కాలేదు. నేను సగం చదివి ఆగిపోయాను. మొత్తం చదివింది అక్కే. “పాత గోల” అన్నది కూడా ఆ మామే!

2006 చట్టంతో తమిళనాడు బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. తమిళం నాకు ఇష్టమే, అది రాకుండా ఇక్కడి చరిత్ర రాయలేం కూడా. కానీ మా వీధిలో తెలుగు చదవగలిగే పిల్లలు ఏటా తగ్గిపోతున్నారు. రేపు ఆ తాళపత్రాలు ఎవరు విప్పాల?

“ఇదంతా తెలుగు గొప్ప చెప్పుకోవడానికే కదా” అంటారు కొందరు. కాదు. మధురలో తిరుమల నాయకుడి మహల్ చూసి గర్వపడి వచ్చేస్తే అది విహారయాత్ర. దానికి పన్ను కట్టిన రైతెవరు, రాయి మోసిందెవరు అని అడిగితే చరిత్ర. అలా అడగాలంటే తమిళ శాసనాలు, మరాఠీ మోడీ లిపి, డచ్చివాళ్ళ కాగితాలు, జెసూట్ పాదిరీల ఉత్తరాలు కూడా చూడాల. అక్కకి ఈ సంగతి తెలుసు, మోడీ అక్షరాలు దిద్దడం అప్పుడే మొదలుపెట్టింది.

ఉద్యోగం బెంగ అబద్ధమని అనను, చదువు కోసం పెద్దమ్మ నగలు తాకట్టులో ఉన్నాయి. కానీ మోడర్న్ తీసుకున్నవాళ్ళందరికీ ఉద్యోగాలు వచ్చాయా మామా?

ఫారం ఇవ్వడానికి ఇంకా పది రోజులుంది. అక్క పెన్సిల్‌తో రాసి పెట్టింది. మామ ఇంకా ఒప్పుకోలేదు.