మీ కోచ్ ఎవరికి జవాబుదారీ?

బాయిలర్ ఉన్న ఫ్యాక్టరీలో దాన్ని నడిపే మనిషికి యోగ్యతా పత్రం ఉండాలి. మన దేశంలో బాయిలర్ల చట్టం 1923లోనే వచ్చింది. కరెంటు పనికి లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ కావాలి. 500 మంది, అంతకు మించి పనిచేసే చోట సంక్షేమ అధికారి ఉండాలనీ, ఆయన అర్హతలేమిటో రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయిస్తుందనీ 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం చెప్పింది. యంత్రం వల్ల గానీ మనిషి వల్ల గానీ కార్మికుడికి హాని జరగకూడదని, ఎన్నో ప్రమాదాలు చూశాక పెట్టుకున్న కట్టుబాట్లివి.

అదే ప్లాంటులో, తలుపు వేసుకుని, ప్లాంట్ హెడ్ ఎదురుగా గంటన్నర కూర్చునే ఎగ్జిక్యూటివ్ కోచ్‌ని మాత్రం ఏ చట్టమూ ఏమీ అడగదు. ఆంధ్రప్రదేశ్‌లో అడగదు, మనం ఉంటున్న అమెరికాలోనూ అడగదు. డాక్టరుకి మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉంది, వకీలుకి బార్ కౌన్సిల్ ఉంది, ఆడిటర్‌కి చార్టర్డ్ అకౌంటెంట్స్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, క్లినికల్ సైకాలజిస్టుకి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఉంది. కోచ్‌కి వీటిలో ఏదీ లేదు. ఈ పూట ఉద్యోగం మానేసి రేపు పొద్దున విజిటింగ్ కార్డు మీద "కోచ్" అని అచ్చేయించుకుంటే అడ్డుపడేవాళ్లుండరు. అయినా ఆ గదిలో ఆ ప్లాంట్ హెడ్ తన భార్యకు కూడా చెప్పుకోని సంగతులు చెబుతాడు. తనపై అధికారి మీద భయం, కింది వాళ్ల మీద కోపం, ఈ కుర్చీకి నేను తగినవాణ్నేనా అన్న అనుమానం. అవి విన్నవాడు తర్వాత ఏం చేస్తాడన్నది చిన్న విషయం కాదు.

ఈ సంచికలో దీని గురించి రాయడానికి కారణం ఉంది. శ్రీ సిటీ అనే పారిశ్రామికవాడ 2008లో మొదలైంది. సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల నేల అది. అప్పట్లో చిత్తూరు జిల్లా, 2022 ఏప్రిల్ 4 నుంచి తిరుపతి జిల్లా. చెన్నైకి 55 కిలోమీటర్ల దూరంలో, జాతీయ రహదారి పక్కన, రెండు రాష్ట్రాల సరిహద్దు మీద ఉన్న ఆ ప్రాంతానికి ఇసుజు వచ్చింది, కోబెల్కో వచ్చింది, మాండెలెజ్ చాక్లెట్లు, ఆల్‌స్టమ్ మెట్రో రైలు పెట్టెలు, 2023లో డైకిన్ ఏసీలు వచ్చాయి. తొలి రోజుల్లో ట్రైనీ ఇంజనీర్లుగా చేరిన కుర్రాళ్లు ఇప్పుడు డిపార్ట్‌మెంట్ హెడ్లు, కొందరు ప్లాంట్ హెడ్లు. వాళ్లలో చాలామంది ఇళ్లలో వాళ్లకు ముందు ఆఫీసు గదిలో కూర్చుని నలుగురికి పని చెప్పినవాళ్లే లేరు. నాన్న వేరుశనగో చెరకో పండించాడు, లేదా బడిపంతులుగా చేశాడు. కొడుకు మాత్రం పొద్దున్నే టోక్యోకి జవాబు చెప్పాలి, మధ్యాహ్నం తమిళంలో కాంట్రాక్టరుతో మాట్లాడాలి, సాయంత్రం షిఫ్టు మారేటప్పుడు తన ఊరివాళ్లే అయిన ఆపరేటర్ల మొర వినాలి. పెద్దరికం ఎలా చేయాలో చూపించినవాళ్లు వాడికి ఇంట్లో లేరు, కాలేజీలో అంతకంటే లేరు. అలాంటివాడికి మంచి కోచ్ దొరికితే ఎంత మేలు జరుగుతుందో ఊహించుకోవచ్చు. అందుకే ఈ వృత్తి మీద మాకు గౌరవం ఉంది. గౌరవం ఉంది కాబట్టే ఈ మాటలు.

వాళ్లు మన తమ్ముళ్లు, బావమరుదులు, పిన్ని కొడుకులు. సూళ్లూరుపేట నుంచో శ్రీకాళహస్తి నుంచో ఫోన్ చేసి, "అన్నా, ఆయనెవరో అమెరికాలో పెద్ద కోచ్ అంట, మీ ఊళ్లోనే ఉంటాడంట, ఎట్లాంటాయన?" అని అడుగుతారు. మనం ఇక్కడి తెలుగు సంఘం వేడుకల్లో ఆయన్ని చూసి ఉంటాం, సంక్రాంతికి ఒకే పంక్తిలో భోజనం చేసి ఉంటాం. "మంచోడే" అంటాం. అది ఆయన స్వభావం గురించి మనకు తెలిసిన నిజం. అవతల తమ్ముడు అడిగింది మాత్రం అది కాదు. ఆయన ఎక్కడ నేర్చుకున్నాడో, ఎంతమందితో పనిచేశాడో, తప్పు చేస్తే ఎవరి ముందు నిలబడాలో మనకు తెలియదు, అడగడానికి మొహమాటం. పిల్లనిచ్చేటప్పుడు పది ఇళ్లు తిరిగి వాకబు చేసే మనం, తమ్ముడి ఉద్యోగ జీవితాన్ని ఒకరి చేతిలో పెట్టేటప్పుడు ఒక్క మాటతో సరిపెడుతున్నాం.

చట్టం అడగకపోయినా వృత్తి తనంతట తాను పెట్టుకున్న కొలతలు ఉన్నాయి. వాటిలో ఎక్కువ మందికి తెలిసింది 1995లో మొదలైన ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్, ఐసీఎఫ్. అది మూడు మెట్ల గుర్తింపు ఇస్తుంది. మొదటిది అసోసియేట్ సర్టిఫైడ్ కోచ్: కనీసం 60 గంటల శిక్షణ, 100 గంటలు నిజమైన క్లయింట్లతో పని. రెండోది ప్రొఫెషనల్ సర్టిఫైడ్ కోచ్: 125 గంటల శిక్షణ, 500 గంటల పని. మూడోది మాస్టర్ సర్టిఫైడ్ కోచ్: 200 గంటల శిక్షణ, 2,500 గంటల పని. వీటితోపాటు తనకంటే అనుభవం ఉన్న కోచ్ దగ్గర 10 గంటలు తన పనిని చూపించుకుని దిద్దించుకోవాలి, పరీక్ష రాయాలి. మూడేళ్లకోసారి గుర్తింపు మళ్లీ తెచ్చుకోవాలి, అందుకు 40 గంటల కొత్త చదువు చూపించాలి. యూరప్‌లో యూరోపియన్ మెంటరింగ్ అండ్ కోచింగ్ కౌన్సిల్ ఇచ్చే గుర్తింపుకూ అంతే విలువ ఉంది. దానిలో నాలుగు అంచెలున్నాయి.

ఇక్కడ జనం పొరబడేది ఒకటుంది, దాన్ని కొంచెం నిదానంగా చెప్పాలి. కోర్సు పూర్తిచేసినందుకు ఒక శిక్షణ సంస్థ ఇచ్చే సర్టిఫికెట్ వేరు. చందా కట్టి ఐసీఎఫ్‌లో సభ్యుడు కావడం వేరు. ఐసీఎఫ్ పరీక్షించి ఇచ్చిన గుర్తింపు వేరు. ఈ మూడూ ఒకే రంగు ముద్రతో ఒకే ప్రొఫైల్ కింద కనిపిస్తాయి. వారాంతంలో రెండు రోజులు కూర్చుని తెచ్చుకున్న కాగితం మీద కూడా "సర్టిఫైడ్" అనే ఉంటుంది. చూసేవాళ్లకు తేడా తెలియదు, తెలియాలని అమ్మేవాళ్లూ అనుకోరు. తేల్చుకోవడం మాత్రం కష్టం కాదు. గుర్తింపు ఉన్నవాళ్ల పేర్లు ఐసీఎఫ్ అందరికీ కనపడేలా ఉంచుతుంది. ఏ మెట్టు, ఇంకా చెల్లుతుందా అన్నది ఐదు నిమిషాల పని.

గుర్తింపు వల్ల నైపుణ్యం వస్తుందని మేము అనడం లేదు. 2,500 గంటలు చేసినవాడు కూడా మీకు పనికిరాకపోవచ్చు. కోచ్‌కీ క్లయింటుకీ మధ్య కుదిరే నమ్మకం ఎంత గట్టిదైతే ఫలితం అంత బాగుంటుందని ఈ రంగంలో పరిశోధనలు చెబుతూనే ఉన్నాయి, అది ఏ కాగితం మీదా రాసి ఉండదు. గుర్తింపు వల్ల దక్కే అసలు మేలు జవాబుదారీతనం. ఆ కోచ్ ఒక నియమావళికి కట్టుబడి ఉన్నానని ఒప్పుకున్నాడు. రహస్యం బయటపెడితే, లేని అర్హతలు చెప్పుకుంటే మీరు ఫిర్యాదు చేయడానికి ఒక చోటు ఉంది, ఆ ఫిర్యాదు విని గుర్తింపు వెనక్కి తీసుకునే అధికారం వాళ్లకు ఉంది. చట్టం లేని చోట మనకున్న ఆధారం ఇదొక్కటే.

బిల్ క్యాంప్‌బెల్ పేరు చెప్పి వాదించేవాళ్లున్నారు. కొలంబియా యూనివర్సిటీలో ఫుట్‌బాల్ కోచ్‌గా చేసి, తర్వాత ఇంట్యూట్ కంపెనీని నడిపి, స్టీవ్ జాబ్స్‌కీ గూగుల్ నాయకులకీ వెన్నుదన్నుగా నిలిచిన మనిషి. ఆయన గొప్పతనం ఏ సర్టిఫికెట్టూ ఇచ్చింది కాదు కదా అంటారు. నిజమే. కానీ 2016లో ఆయన పోయేనాటికి సిలికాన్ వ్యాలీలో మూడు దశాబ్దాలు ఆయన పని అందరి కళ్లముందూ ఉంది. ఆయన నాయకత్వం కింద పనిచేసినవాళ్లు వందల మంది ఉన్నారు. అలాంటి చరిత్ర ఉన్న మనిషి మన తమ్ముడికి దొరికితే సంతోషం, గుర్తింపు గురించి పట్టుబట్టం. కాగితం లేనివాళ్లు చరిత్ర చూపించాలి. రెండూ లేకుండా క్యాంప్‌బెల్ పేరు మాత్రం చెప్పేవాళ్లకు దూరంగా ఉండమనే చెబుతాం.

అన్నిటికంటే ముఖ్యంగా అడగాల్సింది, శ్రీ సిటీలాంటి చోట మరీ ముఖ్యంగా అడగాల్సింది, డబ్బు ఎవరిస్తున్నారు, మాట ఎవరికి చేరుతుంది అన్నది. కంపెనీ కోచ్‌ని పెడితే ఆ ఒప్పందంలో ముగ్గురుంటారు: కంపెనీ, కోచ్, మేనేజరు. ఆరు నెలలకు ఏ లక్ష్యం పెట్టుకున్నారు, ఎన్నిసార్లు కలిశారు అన్నది హెచ్చార్‌కి తెలియవచ్చు. గదిలో ఏం మాట్లాడారన్నది తెలియకూడదు. ఈ గీత మొదటి రోజే కాగితం మీద, ముగ్గురి సంతకాలతో గీయాలి. అర్హత ఉన్న కోచ్ మీరు అడగక ముందే ఈ మాట ఎత్తుతాడు. ఎత్తకపోతే అక్కడే ఆగాలి. మన ప్రాంతం చిన్నది. కోచ్, హెచ్చార్ మేనేజర్, ప్లాంట్ హెడ్, ముగ్గురూ తిరుపతిలో ఒకే వీధిలో ఉండవచ్చు, ఒకే పెళ్లిలో కలవవచ్చు. "మీవాడు ఈ మధ్య కొంచెం డీలా పడ్డాడండీ" అన్న ఒక్క మాట, మంచి మనసుతో అన్నా సరే, రావాల్సిన ప్రమోషన్‌ని ఆపేస్తుంది. ఆ మాట ఎక్కణ్నుంచి వచ్చిందో ఆ కుర్రాడికి ఎప్పటికీ తెలియదు కూడా.

భాష సంగతి కూడా అడగాలి. ఆఫీసు పని ఇంగ్లీషులో నడిచినా బాధ ఇంగ్లీషులో రాదు. సత్యవేడు వైపు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం కలిసే పెరుగుతారు. వాళ్ల మనసులో మాట వినాలంటే ఆ యాసలో వినగలిగేవాళ్లు కావాలి. అమెరికాలో ఉన్న తెలుగు కోచ్‌లకు ఇందులో గొప్ప అవకాశం ఉంది, బాధ్యత కూడా ఉంది. షిఫ్టు పద్ధతి, లైన్ ఆగితే పడే ఒత్తిడి, పండగ రోజు సగం మంది రాకపోతే ఏమవుతుందో తెలియకుండా, శాన్‌హోసే సాఫ్ట్‌వేర్ టీమ్‌కి చెప్పినట్టే శ్రీ సిటీ ప్రొడక్షన్ మేనేజర్‌కి చెబితే అది అతకదు.

కోచ్‌కి తన హద్దు తెలియడం మరో పెద్ద అర్హత. మనస్తత్వవేత్త స్టీవెన్ బెర్గ్లాస్ 2002లోనే హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో హెచ్చరించాడు: మానసిక చికిత్సలో శిక్షణ లేని కోచ్‌లు, లోతైన మానసిక సమస్యను పనితీరు సమస్య అనుకుని దాన్ని ఇంకా ముదరబెట్టగలరని. నెలల తరబడి నిద్ర పట్టనివాడికీ, బతకాలని లేదంటున్నవాడికీ కావాల్సింది లక్ష్యాల పట్టిక కాదు, వైద్యుడు. అది గుర్తుపట్టి, తన ఫీజు పోయినా సరే, పంపించగలిగేవాడే కోచ్. భారత ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416, రాత్రీ పగలూ ఉచితం. ఆ నంబరు మీ తమ్ముడికి ఇప్పుడే పంపండి, అవసరం ఉన్నా లేకపోయినా.

డబ్బు గురించి ఒక్క మాట. 2018లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆన్‌లైన్ వ్యాపార కోచింగ్ పేరుతో నడిచిన పెద్ద పథకాలను కోర్టుకు లాగింది. తక్కువ రుసుముతో చేర్చుకుని, మెట్టు మెట్టుకీ వేల డాలర్లు గుంజారు. కోచ్ అని ఫోన్‌లో పలకరించినవాళ్ల పని తర్వాతి మెట్టు అమ్మడం. ప్రమోషన్ గ్యారంటీ అన్నా, జీతం రెట్టింపు అన్నా, ఈ రాత్రిలోపు కడితే సగం ధర అన్నా అది కోచింగ్ కాదు. నియమావళికి కట్టుబడినవాళ్లు ఫలితాన్ని హామీ ఇవ్వరు. ముందు ఓ అరగంట ఉచితంగా మాట్లాడతారు, ఇద్దరు ముగ్గురితో మాట్లాడి ఎంచుకోమని వాళ్లే చెబుతారు.

మన సభ్యుల్లో కోచ్‌లుగా మారుతున్నవాళ్లు పెరుగుతున్నారు. వాళ్లలో ఏళ్ల తరబడి కష్టపడి నేర్చుకున్నవాళ్లున్నారు. అర్హత లేనివాళ్ల పక్కన అదే పేజీలో, అదే అక్షరాల్లో తమ ప్రకటన చూసుకోవడం వాళ్లకు అన్యాయం. అందుకే సంపాదకవర్గం ఒక నిర్ణయం తీసుకుంది. వచ్చే సంచిక నుంచి కోచింగ్ ప్రకటన ఇచ్చేవాళ్లు తమ గుర్తింపు ఏది, ఏ సంస్థ ఇచ్చింది, ఎప్పటివరకు చెల్లుతుంది అన్నది ప్రకటనలోనే రాయాలి. మేము ఆ సంస్థ జాబితాలో సరిచూసుకున్నాకే అచ్చు వేస్తాం. గుర్తింపు లేనివాళ్లు ఆ సంగతి, తమ పని అనుభవం ఉన్నదున్నట్టు రాస్తే వాళ్లకూ చోటుంది, మెంటర్లుగా. ఉచితంగా సేవ చేస్తున్నవాళ్లకూ ఇదే పద్ధతి. సంఘం సభల్లో కెరీర్ వేదిక మీద మాట్లాడేవాళ్ల పరిచయాలకూ దీన్నే పాటించమని కార్యవర్గాన్ని కోరాం. ప్రకటనదారులు వివరాలు మామూలు గడువులోపే పంపాలి. సరిచూడడానికి పట్టే సమయం వల్ల వచ్చే సంచిక అచ్చు ఓ వారం ఆలస్యమైనా పాఠకులు ఓపిక పట్టాలి.