ఐదు గుంటల కల

హైదరాబాద్ నుంచి ఏ దిక్కుకు బయల్దేరినా ఇప్పుడు ఒకే రకం బోర్డులు. షాద్‌నగర్ దారిలో, చేవెళ్ల దారిలో, యాదగిరిగుట్ట దారిలో ‘ఫామ్ ప్లాట్లు’. ఐదు గుంటలు, చుట్టూ కంచె, డ్రిప్పు, వరసగా శ్రీగంధం మొక్కలు. ఆదివారం పొద్దున్నే కారు తీసుకుని వాటిని చూడబోయేవాళ్లు బోడుప్పల్, నిజాంపేట, మియాపూర్ లాంటి శివారు కాలనీల వాళ్లు. వాళ్ల కోరిక నాకు తెలుసు, నాదీ అదే గనక. మా కాలనీలో ఎవరిని కదిపినా నాన్నో తాతో సేద్యం చేసినవాళ్లే. ఆరుద్ర కార్తెలో వాన పడితే, ఆ పూట ఊళ్లో ఎవరు ఏం పనిలో ఉంటారో ఇక్కడ బాల్కనీలో నిలబడి చెప్పగలరు. ఈ కోరికను డబ్బున్నవాళ్ల సరదా అని కొట్టిపారేసేవారితో నేను ఏకీభవించను. అది నిజమైన ఆకలి.

ఆ ఆకలి తీర్చుకోవడానికి మనం ఏం కొంటున్నామన్నదే నా బాధ.

గుంట అంటే 121 గజాలు. నలభై గుంటలు ఎకరం. ఐదేసి గుంటలకు కోస్తే ఎకరం ఎనిమిది ముక్కలవుతుంది, బాటకు పోయేది పోతే ఇంకా తక్కువ. ఒక్కో ముక్క చుట్టూ కడీలు పాతి తీగ లాగాక అందులో ట్రాక్టరు మళ్లడం కష్టం. నిన్నటిదాకా కందో పత్తో పండిన చెల్క ఎనిమిది తాళాల వెనక పడావు పడుతుంది. ఆ నాటిన శ్రీగంధమైనా తనంతట తాను బతికే చెట్టు కాదు. దాని వేళ్లు పక్క మొక్క వేళ్లను పట్టుకుని నీరూ పోషకాలూ తీసుకుంటాయి. అందుకే తెలిసిన రైతు మొదట పక్కన కంది వేస్తాడు, తర్వాత తోడుగా వేరే చెట్లు పెంచుతాడు. చేవ పట్టడానికి పదిహేనేళ్లయినా ఆగాలి. నెలకోసారి వచ్చిపోయే యజమాని చేతిలో అది నిలబడదు.

నగరం పొలాల్లోకి రావడం కొత్తేమీ కాదు. హైదరాబాద్ ఒకప్పుడు అనాబ్-ఎ-షాహి ద్రాక్షకు పేరుపడిన ఊరు. శివార్లలో ఆ పందిళ్లు ఉన్న చోట ఇప్పుడు మనలాంటి వాళ్ల ఇళ్లున్నాయి. అయినా కాలనీ లేస్తే కనీసం మనుషులకు నీడ దొరికింది. తాళం వేసిన ఐదు గుంటల్లో ఇల్లూ లేదు, పంటా లేదు. నాకు దీని మీద కోపం రావడానికి కారణం అదే.

సేద్యం మీద ఆకలి తీరడానికి ఇంకో దారి ఉంది. హైదరాబాద్ శివారు నారపల్లిలో కథకుడు తుమ్మేటి రఘోత్తమ రెడ్డి తన ఇంటి పైకప్పు మీద ఏళ్ల తరబడి కూరగాయలు పండించారు. మిద్దెతోట ఎంతోమంది తెలుగువాళ్లకు పరిచయమైంది ఆయన వల్లే. ముందు మీ మిద్దె మీదే మొదలుపెట్టండి అంటాను. ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, రోజూ ఓ గంట. తోటకూర మూడు నాలుగు వారాల్లో కోతకొస్తుంది. వంగకు పిండినల్లి పడుతుంది, వేపనూనె కొట్టాలి, మళ్లీ పడుతుంది, మళ్లీ కొట్టాలి. బీరపువ్వు విచ్చుకునేది సాయంత్రం పూట. మిద్దె మీదికి పురుగులు రాకపోతే మగపువ్వు తెంపి ఆడపువ్వుకు మీరే పుప్పొడి అద్దాలి. ఆఫీసు నుంచి రాగానే మెట్లెక్కి ఆ పని చేయగలిగిన మనిషికి సేద్యం కావాలి. విసుగొచ్చిన మనిషికి కావలసింది స్థలం మాత్రమే. ఈ తేడా లక్షలు పోయకముందే తెలిస్తే మంచిది.

అప్పటికీ మనసు పొలం మీదే ఉంటే కొనండి. కానీ కోయకండి. ఐదారుగురు కలిసి ఎకరమో రెండెకరాలో ఒకే కమతంగా ఉంచండి, లోపల కంచెలు వద్దు. అక్కడి భూమినీ బోరునూ ఎరిగిన కుటుంబానికి కౌలుకివ్వండి, మాటమీద కాక కాగితం మీద. తెలంగాణలో ఇదే దాదాపు ఎవరూ చేయని పని. కౌలు రాసిస్తే భూమి పోతుందన్న భయం 1950 నాటి చట్టం రక్షిత కౌలుదార్లకు హక్కులిచ్చినప్పటి నుంచి మన ఇళ్లల్లో ఉంది. 2011లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన చట్టం కౌలు రైతుకు రుణ అర్హత కార్డు ఇమ్మంది, దాంతో భూమి మీద ఏ హక్కూ రాదని కూడా చెప్పింది. అయినా భయం తగ్గలేదు. ఫలితం కౌలు రైతు అనుభవిస్తున్నాడు. 2018లో రైతుబంధు పెట్టుబడి సాయం మొదలైనప్పుడు ఎకరానికి పంటకు నాలుగు వేలు పట్టా ఉన్నవారికి అందాయి, దున్నేవాడు కౌలుదారైతే అతనికి రాలేదు. పాసుపుస్తకంలో పేరు మనది, ఎండలో ఒళ్లు అతనిది. ప్రభుత్వం ఈ పద్ధతి మార్చేదాకా ఆగనక్కర్లేదు, మన ఖాతాలో పడిన డబ్బు అతని చేతికివ్వడానికి జీవో అవసరం లేదు.

ఆదివారం వెళ్లండి. ఆ కౌలు కుటుంబపు పెద్దమ్మ పక్కన కూర్చుని కలుపు తీయండి, ఆమె చెప్పినట్టు తీయండి. కోసిన కూరగాయలకు మార్కెట్ ధర కట్టి తెచ్చుకోండి. పంట పోయిన ఏడు కౌలు తగ్గించండి, ఆ మాట కూడా ముందే కాగితంలో రాయండి. మృగశిరకు ముందు సంతకాలైతే తొలకరికి విత్తనం పడుతుంది.