కరెంటు రోజూ ఎందుకు పెడతారు?



క్యాన్సరుకు చేసే రేడియేషన్ చికిత్సను మన పల్లెల్లో "కరెంటు పెట్టడం" అంటారు. నిజానికి అది కరెంటు కాదు. ఎక్స్‌రే వంటివే గాని, వాటికంటె ఎంతో బలమైన కిరణాలు. డాక్టరుగారు వారానికి ఐదు రోజుల చొప్పున ఐదారు వారాలు రమ్మన్నప్పుడు ఇంట్లోవారు అడుగుతారు: "అదంతా ఒక్కసారే పెట్టేస్తే పోదా? ఇన్ని బస్సు చార్జీలు, ఇన్ని రోజుల కూలి పోగొట్టుకోవడం ఎందుకు?" న్యాయమైన ప్రశ్నే. దాని జవాబు మన శరీర కణాలలోనే ఉన్నది.

దాదాపు ప్రతి కణంలోను డి.ఎన్.ఎ. అనే రెండు పేటల దారం వంటిది ఉంటుంది. కణం ఎలా పనిచేయాలో అందులో రాసి ఉంటుంది. కిరణాలు తగిలితే ఆ దారం తెగుతుంది. రేడియేషన్‌ను గ్రేలలో కొలుస్తారు. 1 గ్రేకు ఒక్కొక్క కణంలో సుమారు 1000 చోట్ల ఒక పేట, 30, 40 చోట్ల రెండు పేటలూ తెగుతాయని అంచనా. చికిత్సలో రోజుకు సాధారణంగా 2 గ్రేలు ఇస్తారు.

దారం తెగగానే మంచి కణం రెండుగా చీలడం ఆపుకొని మరమ్మతుకు పూనుకొంటుంది. ఒక పేటే తెగితే, ఎదుటి పేటను చూచి పోయినదాన్ని తిరిగి రాసుకుంటుంది. రెండూ తెగితే కష్టం. కొనలు కలిపి అతుకుతుంది గాని, అందులో కొన్ని అక్షరాలు పోవచ్చు. అప్పటికే దారానికి నకలు తయారై ఉంటే, దాన్ని చూచి సరిగా రాసుకోగలదు. డి.ఎన్.ఎ. మరమ్మతుపై చేసిన పరిశోధనలకే లిండాల్, మోడ్రిచ్, సంజార్ అనే ముగ్గురికి 2015లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ మరమ్మతుకు కొన్ని గంటలు కావాలి. 1959లో ఎల్కైండ్, సట్టన్ అను శాస్త్రజ్ఞులు హామ్‌స్టర్ అనే చిన్న జంతువు కణాలపై దీనిని చూపించారు. మోతాదు అంతా ఒక్కసారే ఇచ్చినప్పటికంటె, రెండుగా విడదీసి, మధ్యలో కొన్ని గంటలు ఆగి ఇచ్చినప్పుడు ఎక్కువ కణాలు బ్రతికాయి.

క్యాన్సరు కణాలలో చాలా వాటికి ఈ మరమ్మతు శక్తి చెడిపోయి ఉంటుంది. అందుకే రోజుకు కొంచెం చొప్పున ఇస్తారు. మరునాటికి మంచి కణం చాలావరకు కోలుకుంటుంది, క్యాన్సరు కణం అంతగా కోలుకోలేదు. అయితే కోతలు వచ్చాయని రెండు వారాలు మానేస్తే, మిగిలిన క్యాన్సరు కణాలు మళ్లీ పెరుగుతాయి. ఒక రాత్రి విరామం మంచి కణానికి మేలు. రెండు వారాల విరామం క్యాన్సరుకే మేలు.

రొమ్ము క్యాన్సరు వంటి కొన్నిటికి ఇప్పుడు మూడు వారాలలోనే ముగిస్తున్నారు. ఎన్ని రోజులన్నది డాక్టరుగారే నిర్ణయించాలి. చర్మం నల్లబడినా, నోరు పూసినా ఆయనకు చెప్పండి. మీ అంతట మీరు ఆపకండి.

మీ సంఘంలో ఎవరికైనా ఈ చికిత్స జరుగుతుంటే, పరామర్శతో సరిపెట్టకండి. వారి చేను మీరు కోయండి, వారిని సమయానికి బస్సెక్కించండి.