తొట్టిలోని తెల్లపిల్లలు



ఈ మాసము వంటయింటి ముచ్చట గాక, మా ముందుగదిలోని గాజుతొట్టిలో జరిగిన యొక చిన్న సంగతి చెప్పదలచితిని. సంగతి చేపలదే. అయినను అది మన యిండ్లలోని యొక మాటను నాకు జ్ఞప్తికి తెచ్చినది గనుక మీకును పనికివచ్చునని తోచినది.

నిరుడు బడిపిల్లలకు చూపుటకై మా వారు సిక్లిడ్ కుటుంబములోని చేపల జంట నొకదానిని తెచ్చిరి. వీని జన్మస్థానము మధ్య అమెరికాలోని యేళ్లును సరస్సులును. బూడిదవన్నె మేనిపై నల్లని నిలువుచార లుండుటచే, పూర్వము ఆ దేశములలో ఖైదీలకు తొడిగిన చారలయంగీని బట్టి వీనికి కన్విక్ట్ అను పేరు వచ్చినది. ఆడుచేప చిన్నది, దాని పొట్టమీద నారింజవన్నె పొలుసు లుండును. ఆ తొట్టిలోనే అంగడివాని మాటపై కొన్న బ్లడ్ పారట్ అను ఎఱ్ఱచేప కూడ నొకటి యుండెను.

కొన్నాళ్లకు ఆడుచేప, బోర్లించిన మట్టిమూకుడు లోపల గ్రుడ్లు పెట్టినది. మూడుదినములలో పిల్లలు వెలువడినవి. తల్లియు తండ్రియు నొకరి తరువాత నొకరు కావలి కాచిరి. ఎఱ్ఱచేప యటు తొంగిచూచినంతనే తరిమికొట్టిరి. మూడువారములు గడచునప్పటికి పిల్లలకు చారలు తేలినవి. కాని కొన్నిటికి చారలే లేవు. పాలలో ముంచి తీసినట్లు తెల్లగా, కొంచెము గులాబిచాయతో నుండెను.

మా అత్తగారు కన్నులద్దములు సవరించుకొని, "తల్లికి చారలే, తండ్రికి చారలే. ఈ తెల్లపిల్ల లెవరి పోలికమ్మా?" అని యడిగిరి. మా వారు అంగడివాని నడుగగా, అతడు తడుముకొనకుండ, "ఎఱ్ఱచేపతో కలిసి యుండును, ఇవి సంకరపిల్లలు" అనెనట. ఆ సాయంకాలము పొరుగింటి పెద్దమ్మగారు వచ్చి యీ మాట విని నవ్వి, "మా యింటిలోను అంతే గదా. అబ్బాయి పచ్చన, కోడలు పచ్చన, మనుమరాలు మాత్రము నలుపు. అది యెవరి పోలికయో!" అనిరి. మూడునెలల బిడ్డ నెత్తుకొని కోడలు గుమ్మమునొద్దనే నిలిచియుండెను. ఆమె తలవంచుకొని వెడలిపోయినది. నేనేమియు ననలేదు. ఆ మౌనము నన్ను రాత్రియంతయు బాధించినది.

మఱునాడు మా వారితో గూడ పిల్లలను గిన్నెలలోనికి తీసి లెక్కించితిని. మొత్తము 92. అందు చారలవి 68, తెల్లవి 24. నాలుగవపాలు 23 గదా! ఆ లెక్క చూడగానే మా వారి ముఖము వికసించెను. "ఇది మెండెల్ లెక్క" అనిరి.

గ్రెగర్ మెండెల్ అను క్రైస్తవసన్న్యాసి నేటి చెక్ దేశములోని బ్రనో పట్టణపు మఠములో బఠానీమొక్కలను పెంచి, వాని గుణములు సంతతికి దిగువిధమును లెక్కించెను. పసుపుగింజల జాతిని ఆకుపచ్చగింజల జాతితో కలుపగా మొదటితరమున గింజలన్నియు పసుపే. ఆకుపచ్చ మాసిపోయిన దనుకొందుము. కాని రెండవతరమున 8023 గింజలలో 6022 పసుపు, 2001 ఆకుపచ్చ. మాసిపోయిన దనుకొన్నది దాగియుండె నన్నమాట. ఈ సంగతిని ఆయన 1866లో ప్రకటించినను, 1900 వఱకు లోకము దాని విలువ నెఱుగలేదు.

మా చేపలయందును ఇదే జరిగినది. ప్రతిచేపకును ఈ రంగును నిర్ణయించు జన్యువులు రెండుండును. తల్లినుండి యొకటి, తండ్రినుండి యొకటి. నలుపు నిచ్చు జన్యువు ఒక్కటి యున్నను చారలు తేలును. రెండును నలుపు నీయనివైననే పిల్ల తెల్లనగును. తల్లియందొకటి, తండ్రియందొకటి తెలుపు దాగియున్నచో, సగటున నలుగురు పిల్లలలో నొకనికి రెండు తెలుపులును వచ్చి చేరును. ఇట్టిదానిని శాస్త్రజ్ఞులు అంతర్గతగుణ మందురు. ఈ జాతి తెల్లచేపలను అంగళ్లవారు ఏనాటినుండియో పెంచుచున్నారు. మా జంటకు పూర్వులలో నెవరో అట్టివా రుండవచ్చును. కనుక దోషము తల్లిది కాదు. దాగిన రంగు ఇరువురిది.

సంకరము కాదని యెట్లు చెప్పగల మందురేమో. బ్లడ్ పారట్ చేపయే సంకరము. 1980ల దశకమున తైవానులో రెండు సిక్లిడ్ జాతులను కలిపి దానిని పుట్టించిరి. దాని వెన్ను వంపుదేరియుండును. నోరు పూర్తిగా మూతపడదు. దాని మగవి తఱచుగా గొడ్డువి. ఆడువానిని కన్విక్ట్ మగచేపలతో కలిపి అమ్మకమునకు పిల్లలను దీయువారును గలరు. అట్టి పిల్లలలో మేనివాటముననో నోటియందో ఆ పోలిక కొంతయైన కానవచ్చును. మా తెల్లపిల్లలు రంగున దక్క, తక్కిన యన్నిట తోబుట్టువులవలెనే యున్నవి. నోరు చక్కగా మూతపడుచున్నది, కన్నులు నల్లనివే.

అయినను ఋజువు కావలెను గదా. ఎఱ్ఱచేపను వేఱుతొట్టిలోనికి మార్చి, రెండవ కానుపు వఱకు వేచియుంటిమి. ఈ జాతిలో గ్రుడ్లు పెట్టిన వెంటనే మగచేప వెలుపలనే వానిని ఫలింపజేయును. కాబట్టి వెనుకటి కలయిక తరువాతి కానుపునకు అంటదు. గప్పీ చేపలయం దీ పరీక్ష చెల్లదు. వాని ఆడువి మగదాని బీజమును నెలలతరబడి కడుపున దాచుకొనును. మా జంటకు రెండవమాఱు 71 పిల్లలు మిగిలినవి. వానిలో తెల్లవి 17. తొట్టిలో మఱియొక చేప లేదు. ఆ తల్లి నిర్దోషి యని తేలినది.

సంకరములు లేవని నా యభిప్రాయము కాదు. ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సున వందలకొలది సిక్లిడ్ జాతు లుండెను. అందు దగ్గరి జాతులలో ఒకదాని మగవి ఎఱ్ఱన, ఇంకొకదాని మగవి నీలము. ఆడువి రంగును చూచి తమ జాతివాని నెన్నుకొనును. పొలముల ఎరువులును పట్టణముల మురుగును చేరి నాచు పెరిగి నీరు మసకబారగా, రంగులు కానరాక ఎంపిక తప్పి, జాతులు కలిసిపోవుచున్నవని 1997లో ఓలె సీహాసెన్ మొదలగు శాస్త్రజ్ఞులు తెలిపిరి. అచ్చట తప్పు ఆడుచేపలదా, నీటిని మురికిచేసినవారిదా?

నన్నయగారి భారతమున శకుంతల బిడ్డతో సభకు వచ్చినప్పుడు రాజు ఎఱుగనన్నాడు. ఆకాశవాణి పలికి ఆమెను గాచినది. మన యిండ్లలోని కోడండ్రకు ఆకాశవాణి పలుకదు. మనమే తెలిసికొని పలుకవలయును.

ఈ తలంపుతో పొరుగింటి పెద్దమ్మగారిని, కోడలిని పిలిచి, రెండవ కానుపు పిల్లలను పెద్దమ్మగారిచేతనే లెక్కపెట్టించితిని. మనుష్యుల మేనిచాయ చేపల చారలవలె ఒక్క జత జన్యువులపై నాధారపడదనియు, అనేక జన్యువులు చేరి దానిని తీర్చుననియు, అందుచే బిడ్డ తల్లిదండ్రు లిరువురికంటె నలుపైనను తెలుపైనను కావచ్చుననియు చెప్పితిని. పసిబిడ్డ పుట్టినప్పటి రంగు కొన్నినెలలలో మారుననియు చెప్పితిని. ఆమె కొంతసేపు తొట్టివంక చూచి, "మా అత్తగారు నలుపే" అని మెల్లగా ననిరి. పిదప చేతులు చాచి కోడలి చంకనున్న మనుమరాలి నెత్తుకొనిరి. కోడలు నావంక చూచిన చూపు నేను మఱువను. ఈ వృత్తాంతమును వారి యనుమతితోనే వ్రాయుచున్నాను.

చేపలను పెంచు సోదరీమణులకు నాలుగు మాటలు. ఏ జాతి జంటను ఆ జాతితోనే యుంచుడు. వింతరంగు పిల్ల పుట్టినచో సంకరమని త్రోసివేయక, ముందు లెక్కింపుడు, ఆకారమును పోల్చిచూడుడు, జంటను వేఱుచేసి మఱియొక కానుపు చూడుడు. సంకరపిల్లలను శుద్ధజాతి యని యెవరికిని ఈయకుడు. సూదితో రంగెక్కించిన చేపలను కొనకుడు. అది వానికి హింస. పెంచలేని చేపలను చెఱువులలో విడువకుడు. 1952లో మన దేశమునకు తేబడిన మొజాంబిక్ తిలాపియాయు సిక్లిడ్డే. అది మన నీళ్లలో వ్యాపించి నాటుచేపల మేతకును చోటునకును పోటీ యగుచున్నది.

మా తెల్లపిల్లలిపుడు బడిలోని తొట్టిలో నున్నవి. తొట్టిమీద మా వారు రెండు కానుపుల లెక్కయు వ్రాసి యంటించిరి. చూడవచ్చిన పిల్లలు మొదట "ఇవి యెవరి పోలిక?" అని యడుగుచున్నారు. "ఇరువురి పోలిక" అని మా వారు చెప్పుచున్నారు.