రెండో అంతస్తులో మా దుకాణం

పోయిన వారం చింతకాయ తొక్కు గురించి రాస్తే, మెంతులు వేయించి వెయ్యాలా, పచ్చివే వెయ్యాలా అని చాలామంది అడిగారు. దోరగా వేయించి, పొడి కొట్టి వెయ్యండి. పచ్చివి వేస్తే చేదు. ఆ సంగతి అంతటితో సరి. ఈ వారం మాత్రం వంటింట్లోంచి కాస్త బయటికి రండి. నా కష్టం ఒకటి మీతో చెప్పుకోవాలి. ఇలాంటి కాగితం మీ బీరువాలో కూడా ఉంటే, చదివాక ఒకసారి బయటికి తీసి చూడండి.

మాకు హైదరాబాద్ శివార్లలో ఒక మాల్‌లో, రెండో అంతస్తున దుకాణం ఉంది. భైంసా బజారులో బట్టల కొట్టు మీద బతికేవాళ్లకి పట్నంలో ఏసీ దుకాణమా అని నవ్వుతారేమో! మేమూ అప్పట్లో నవ్వుకున్నాం, సంతోషంతో.

2013లో మాట. మా బావగారు రంగురంగుల పుస్తకం ఒకటి తెచ్చారు. అందులో అద్దాల గోడలు, పైకి కిందికి పోయే మెట్లు, సంచులు పట్టుకుని నవ్వుతున్న ఆడవాళ్లు. మనం దుకాణం నడపక్కర్లేదట. కొని ఊరుకుంటే చాలు, వాళ్లే ఏదో కంపెనీకి కిరాయికిచ్చి ఏడాదికి నూటికి పన్నెండు చొప్పున ఇంటికి పంపుతారట. 160 చదరపు అడుగులు, 14 లక్షలు. మా తోడికోడలికి వాళ్ల నాన్న పసుపు కుంకుమ కింద ఇచ్చిన ప్లాటు అమ్మితే తొమ్మిదిన్నర వచ్చాయి. నా గాజులు, చంద్రహారం కలిపి ఎనిమిది తులాలు తాకట్టు పెడితే లక్షన్నర. మిగతా మూడు లక్షలు కొట్టులోంచి తీశారు. రిజిస్ట్రేషన్ నాడు అన్నదమ్ములిద్దరూ పొద్దున్నే బస్సెక్కి వెళ్లారు. మేం ఇంట్లో పాయసం వండాం.

నెలకు 14,000 చొప్పున ఇరవైరెండు నెలలు వచ్చాయి. అబద్ధమెందుకు, బాగానే వచ్చాయి. ఆ తరువాత ఒక నెల ఆలస్యం, ఇంకో నెల సగం, ఆపైన ఫోను ఎత్తేవాళ్లు లేరు. కొన్నాళ్లకు కిరాయి బదులు ఉత్తరం వచ్చింది. మెయింటెనెన్సు కింద మేమే చదరపు అడుగుకు నెలకు 12 రూపాయలు కట్టాలట! అంటే ఖాళీ గదికి నెలకు 1,920. తాకట్టు విడిపించలేకపోయాం. నా గాజులు అటే పోయాయి. ఇప్పుడు తులం లక్ష దాటింది కాబట్టి ఆ లెక్క వెయ్యడం మానేశాను.

దుకాణాన్ని నేను మొదటిసారి చూసింది 2015లో, చుట్టాల పెళ్లికి వెళ్లినప్పుడు. మా అత్తమ్మ కూడా వచ్చింది. కదిలే మెట్ల దగ్గర ఆగి, "గది మీదికెళ్లి నేను రాను, కొంగు గుంజుకుంటది" అని మొండికేసింది. చివరికి సామాను లిఫ్టులో తీసుకెళ్లాం. నా సంచిలో జాకెట్ల కొలత టేపు ఉంటే ఊరికే కొలిచాను. 12 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు. 84 చదరపు అడుగులు! మరి కాగితం మీద 160 కదా? మిగతావి ఎక్కడున్నాయంటే వరండాలో, లిఫ్టులో, మెట్లలో, మరుగుదొడ్లలో మన వాటా అన్నమాట. అది మోసం కాదు, సూపర్ బిల్టప్ అని అప్పట్లో అందరూ అలాగే అమ్మేవారు. 2016లో రెరా చట్టం వచ్చాక గోడల మధ్య ఉన్న జాగా ఎంతో, అంటే కార్పెట్ ఏరియా, విడిగా చెప్పి అమ్మాలన్నారు. ఇళ్లకే కాదు, దుకాణాలకూ ఆ చట్టం వర్తిస్తుంది. మేం కొన్నది దానికి మూడేళ్ల ముందు.

అసలు మాల్ అనేది ఎలా నడుస్తుందో నాకు అంగడి చూస్తే అర్థమైంది. మన వారం అంగడికి జనం దేనికి వస్తారు? కూరగాయలకి, పప్పులకి. అటు పోతూ పోతూ గాజుల బండి దగ్గర ఆగుతారు, పిల్లకి రిబ్బన్లు కొంటారు. కూరగాయలవాళ్లు ఒక వారం రాకపోతే గాజులామెకు బోణీ కాదు. మాల్‌లో కూడా అంతే. ఒక మూలన పెద్ద బట్టల దుకాణమో, సరుకుల దుకాణమో ఉంటుంది. వాళ్లకి కిరాయి బాగా తక్కువ, జనాన్ని లాక్కొచ్చేది వాళ్లే గనుక. సినిమా హాలు, తిండి దుకాణాలు పై అంతస్తున పెడతారు, జనం మధ్య అంతస్తులన్నీ దాటుకుంటూ పోవాలని. ఎక్కువ కిరాయి కట్టేది దారిలో ఉన్న చిన్నవాళ్లు. పెద్ద దుకాణం వెళ్లిపోయిందా, చిన్నవాళ్లు ఒక్కొక్కరే షట్టరు దించేస్తారు. మా మాల్‌లో 2019లో ఆ పెద్ద సరుకుల దుకాణం ఎత్తేశారు. 2020 లాక్‌డౌన్‌లో మూసిన సినిమా హాలు మళ్లీ తెరవలేదు.

ఈ తలుపులు మూసిన బజారు ఆలోచన ఎవరిదో తెలుసా? విక్టర్ గ్రూయెన్ అని, వియన్నా నుంచి అమెరికా వెళ్లిన ఆర్కిటెక్టు. మినెసోటాలో మంచు గడ్డకట్టే ఊళ్లో, చలికాలంలో కూడా జనం హాయిగా తిరగాలని 1956లో సౌత్‌డేల్ అనే మాల్ కట్టాడు. చుట్టూ ఇళ్లు, బడి, ఆసుపత్రి అన్నీ రావాలని ఆయన కల. వచ్చింది మాత్రం కార్లు నిలిపే మైదానం. పెద్దయ్యాక తన పనిని తానే ఇష్టపడలేదట పాపం. ఆ తరువాత అక్కడ జనానికి మించి మాల్స్ కట్టారు. వాటికి మూలస్తంభాల్లాంటి సియర్స్ 2018లో, జేసీ పెన్నీ 2020లో దివాలా కోర్టుకెక్కాయి. ఒహాయోలో రాండాల్ పార్క్ అని 1976లో కట్టిన పెద్ద మాల్ 2009లో మూతపడితే, దాన్ని కూలగొట్టిన జాగాలోనే 2018లో అమెజాన్ వాళ్ల గోదాము వచ్చింది. ఫోన్‌లో నొక్కితే ఇంటికొచ్చే సామాను అక్కడి నుంచే బయల్దేరుతుంది!

మనకు ఇవి ఆలస్యంగా వచ్చాయి. 1999లో ముంబైలో హాజీ అలీ దగ్గర క్రాస్‌రోడ్స్ తెరిచినప్పుడు, తొలి రోజుల్లో సెల్‌ఫోనో క్రెడిట్ కార్డో చూపించనివాళ్ల దగ్గర లోపలికి పోవడానికే డబ్బులు తీసుకున్నారు. 2001లో మన హైదరాబాద్ ఆబిడ్స్‌లో బిగ్ బజార్ వచ్చింది. కొత్త పెళ్లికూతురిగా నేను అక్కడ కొన్న స్టీలు డబ్బాలు ఇంకా వాడుతున్నా. డబ్బాలున్నాయి గాని బిగ్ బజార్ లేదు. 2022లో ఆ దుకాణాలు చాలావరకు రిలయన్స్ చేతిలోకి వెళ్లాయి.

నలభై శాతానికి మించి ఖాళీగా ఉన్న మాల్స్‌ను దయ్యాల మాల్స్ అంటారట. దేశంలోని ఎనిమిది పెద్ద నగరాల్లో 2023 నాటికి అలాంటివి 64 ఉన్నాయని నైట్ ఫ్రాంక్ సంస్థ లెక్క తీసింది. వింతేమిటంటే, ఆ ఏడాది హైదరాబాద్‌లో అలాంటి ఖాళీ జాగా పెరగలేదు, తగ్గింది. అంటే పట్నంలో మాల్‌కి కాలం చెల్లిందని చెప్పడానికి లేదు. 2018లో కొండాపూర్‌లో తెరిచిన శరత్ సిటీ మాల్‌కి ఆదివారం పోయి చూడండి, కాలు పెట్టే సందుండదు. కూకట్‌పల్లిలో అదివరకు మంజీరా మాల్‌గా ఉన్న భవనంలోనే 2023 సెప్టెంబరులో లులు మాల్ తెరిస్తే, తొలి రోజుల్లో ఆ రోడ్డు మీద బండ్లు కదలలేదు.

మరి మాది ఎందుకు చచ్చింది? ఫోన్ల వల్ల అంటారు మావారు. ఫోన్లు భైంసాలోనూ ఉన్నాయి. మా కొట్టు ఎదురుగా నిలబడే మీషోలో చీర ధర చూసుకుంటారు ఆడపిల్లలు. అయినా పత్తి అమ్మిన పైసలు చేతికొచ్చే నెలల్లో, పెళ్లిళ్లప్పుడు, మా కొట్టులో ఊపిరాడదు. పొద్దున పట్టుకెళ్లిన చీర సాయంత్రం అత్తకు నచ్చలేదంటే మార్చిస్తాం, ఉద్దర రాసుకుంటాం, మరాఠీ వాళ్లొస్తే మరాఠీలో మాట్లాడతాం. నాకు తోచిన కారణం వేరు. మాదాపూర్‌లో 2009 నుంచి ఉన్న ఇనార్బిట్ మాల్‌కి యజమాని ఒకరే. ఎవరిని ఎక్కడ పెట్టాలి, ఎవరిని లేపాలి, అంతా ఒక చేతి మీద నడుస్తుంది. మాది ముక్కలుగా కోసి వందలమందికి అమ్మేశారు. డబ్బులన్నీ ముందే వచ్చేశాయి గనుక, కట్టినాయనకి ఆ తరువాత అది నడిస్తేనేం, నడవకపోతేనేం? చీరల దుకాణం పక్కన సెల్‌ఫోన్ల రిపేరు, దాని పక్కన తాళం వేసిన గది. పంపు చెడితే బాగుచేయించడానికి ఎవరి సంతకం కావాలో ఎవరికీ తెలీదు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. మా రెండో అంతస్తు, దాని పైది కలిపి 63 మంది యజమానులం. పోయిన నెల మీటింగులో రెండు బేరాలు వచ్చాయి. ఒకాయన ఒక్కో దుకాణానికి 5 లక్షలిచ్చి కొనేస్తానన్నాడు. ఇంకో పక్క ఒక ఆసుపత్రివాళ్లు రెండంతస్తులూ తొమ్మిదేళ్లకు కిరాయికి అడుగుతున్నారు. కాని అందరూ సంతకం పెడితేనే. 51 మంది పెట్టారు. మిగతావాళ్లలో కొందరు అమెరికాలో, ఒకాయన పోతే కొడుకులు కోర్టులో, ఇంకా మేము.

"ఐదు లక్షలు తీస్కొని దులుపుకుంటే పాయె, లొల్లి వదుల్తది" అన్నారు మావారు. బావగారిదీ అదే మాట. నేను ఆసుపత్రి వైపు. ఇది నా పిచ్చి ఊహ కాదండీ. అమెరికాలోనే నాష్‌విల్‌లో హండ్రెడ్ ఓక్స్ అనే మాల్ కళ తప్పితే, 2009లో పై అంతస్తును వాండర్‌బిల్ట్ ఆసుపత్రి తీసుకుంది, కింద దుకాణాలు నడుస్తూనే ఉన్నాయి. ఆస్టిన్‌లో హైలాండ్ మాల్‌ని కాలేజీ చేశారు. బండ్లు నిలిపే చోటు, లిఫ్టులు, పెద్ద మరుగుదొడ్లు, కరెంటు, అన్నీ సిద్ధంగా ఉన్న భవనం కదా! చీరలు కొనేవాళ్లు ఫోన్‌లో కొంటారేమో గాని, మోకాలి ఎక్సరే ఫోన్‌లో తీయించుకోరు.

అప్పుడు కాగితాలు చూద్దామని బీరువా తీశాను. పన్నెండేళ్ల తరువాత! దస్తావేజు మీద అన్నదమ్ములిద్దరి పేర్లే ఉన్నాయి. అక్క ప్లాటు పోయింది, నా బంగారం పోయింది, మా ఇద్దరి పేర్లూ లేవు. వాళ్లు కావాలని చేశారని అనను. అడగాలని మాకూ తోచలేదు, రాయించాలని వాళ్లకూ తోచలేదు. పాయసం వండుతూ కూర్చున్నాం మరి.

రాత్రి అన్నాలయ్యాక చెప్పాను. "బావగారూ, కిరాయి వస్తే సగం అక్క ఖాతాలో, సగం నా ఖాతాలో పడాలె. అట్ల కాగితం రాసిస్తేనే ఈ ఇంట్ల నుంచి సంతకం పోతది" అని. ఆయన పళ్లెంలో చెయ్యి కడిగి లేచి వెళ్లిపోయారు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఎప్పుడూ నోరెత్తని మా అక్క మూడో రోజు టీ గ్లాసు ఆయన ముందు పెట్టి, "మా నాయిన ఇచ్చిన జాగ అది. ఐదు లక్షలకు నేనైతే ఒప్పుకోను" అన్నది. అంతే. సాయంత్రానికి బావగారు స్టాంపు పేపరు తెచ్చారు, మొహం ముడుచుకునే అనుకోండి.

కిరాయి గోడల మధ్య కొలత మీద పంచుతారా, కాగితం మీది 160 మీద పంచుతారా అన్నది ఇంకా తేలలేదు. మెయింటెనెన్సు బకాయి దాదాపు మూడు లక్షలుంది, అది ఎవరు భరిస్తారో ఒప్పందంలో రాయించాలి. ఈ ఆదివారం మళ్లీ మీటింగు. ఈసారి పొద్దున బస్సుకి నలుగురం పోతున్నాం. దారిలో తినడానికి సర్వపిండి చేస్తున్నాను, టేపు సంచిలో పెట్టేశాను. షట్టరు తాళం చెవి మాత్రం కనబడటం లేదు, రెండు రోజులుగా ఇల్లంతా వెతుకుతున్నాం.