అడవిలో నేర్చినది ఇంటికి చేరు త్రోవ



తాను ఒక విషయమును తెలిసికొనుట ఒక పని. తెలిసికొన్నదానిని ఇతరుల మనసునకు ఎక్కునట్లు చెప్పుట మరియొక పని. మొదటిది కష్టమనియు, రెండవది సులభమనియు లోకులు తలంతురు. కాని పిల్లలను పెంచిన ఏ తల్లి నడిగినను అసలు సంగతి చెప్పును. నిప్పు కాలునని తెలిసికొనుటకు ఒక్క నిమిషము చాలును. ప్రాకులాడు బిడ్డకు ఆ మాట బోధపరచుటకు ఎన్ని నెలలు పట్టునో ఆమెకే యెఱుక. ఈ మాసము, జాతీయోద్యానవనములలో శాస్త్రజ్ఞులు కనిపెట్టు విషయములు మనవంటి సామాన్యులకు ఎట్లు చేరునో, చేరనిచో ఏమి నష్టమో ముచ్చటించుకొందము.

జాతీయోద్యానవనమనగా పూలమొక్కలు నాటి, కూర్చుండుటకు బల్లలు వేసిన తోట యని భ్రమపడవలదు. చెట్టు నరకకుండ, మృగమును వేటాడకుండ ప్రభుత్వము చట్టముచే కాపాడు అడవికి ఆ పేరు. అట్టివానిలో మొట్టమొదటిది అమెరికా సంయుక్త రాష్ట్రములలోని యెల్లోస్టోన్. 1872వ సంవత్సరము మార్చి 1వ తేదీన అది ఏర్పడెను. దాని విస్తీర్ణము ఇంచుమించు 9,000 చదరపు కిలోమీటర్లు. నేలలోనుండి సలసల కాగుచు ఎగజిమ్ము నీటిబుగ్గలు, ఎలుగుబంట్లు, అడవిదున్నలు, తోడేళ్లు అచ్చటి విశేషములు. ఏటేట లక్షలాది జనులు దానిని చూడబోవుదురు. చూచుటకు వచ్చినవారికి చూచినదాని అర్థము చెప్పు ఏర్పాటు అచ్చట నూఱేండ్లకు పూర్వమే మొదలైనది. ఆ పనికి పునాది వేసినవారిలో స్త్రీలుండుట మనము గుర్తించదగిన విషయము.

ఇద్దఱు విదుషీమణులు

1919వ సంవత్సరమున ఇసబెల్ బాసెట్ అను యువతి యాత్రికురాలిగా యెల్లోస్టోనునకు వచ్చెను. ఆమె భూగర్భశాస్త్రము చదివినది. ఆ కొండలెట్లు పుట్టినవో, ఆ నీరేల కాగుచున్నదో తోడి యాత్రికులకు ఆమె వివరించుట ఆ వనాధికారి హోరేస్ ఆల్‌బ్రైట్ చెవిని పడెను. ఆయన ఆమెకు మరుసటి వేసవిలో వనరక్షకోద్యోగము నిచ్చి, యాత్రికులకు ఉపన్యాసములు చేయుటకు నియమించెను. వివాహానంతరము ఇసబెల్ వాసన్ అని పిలువబడిన ఆమె 1920 వేసవి యంతయు ఆ పని చేసెను. ఆ వేసవిలోనే, ఆగస్టు మాసమున, ఆ దేశపు స్త్రీలకు వోటుహక్కు రాజ్యాంగముచే స్థిరపడినది. ఆ దేశపు స్త్రీలందఱకు వోటుహక్కు ఇంకను స్థిరపడని దినములలోనే ఒక స్త్రీ ప్రభుత్వము పక్షమున నిలిచి ప్రజలకు శాస్త్రము బోధించెనన్నమాట!

రెండవ యామె హెర్మా ఆల్బర్ట్‌సన్. వృక్షశాస్త్రము చదివిన ఈమె మొదట ఆ వనములోని యాత్రికుల బసలో గదులు సవరించి, పక్కలు పఱచు పరిచారికగా వేసవి గడిపెను. తీరిక దొరకినప్పుడు చెట్టుచేమలను గూర్చి యాత్రికులకు చెప్పుచుండెను. 1931లో ఆమెకు ప్రకృతిశాస్త్రజ్ఞురాలిగా శాశ్వతోద్యోగము లభించెను. అమెరికా జాతీయోద్యానవనశాఖలో అట్టి శాశ్వతపదవి నందిన స్త్రీలలో ఆమెయే ప్రథమురాలు. 1936లో మెక్‌డూగల్ అను శాస్త్రజ్ఞునితో కలిసి ఆ వనములోని మొక్కలను గూర్చి ఒక గ్రంథమును కూడ ప్రకటించెను. దుప్పట్లు మార్చిన చేతులే గ్రంథము వ్రాసినవి.

ఎలుగుబంట్ల విందు

చెప్పవలసినదానిని చెప్పవలసిన రీతిని చెప్పకపోయిన ఏమగునో ఎలుగుబంట్ల కథ తెలుపును.

యెల్లోస్టోనులోని హోటళ్లవారు ఎంగిలియన్నము, మిగిలిన మాంసము దగ్గఱి గోతులలో పాఱబోయుచుండిరి. వాసన పట్టి ఎలుగుబంట్లు చేరెను. ఆ వేడుక చూచుటకు జనులు చేరిరి. తుదకు బల్లలు కట్టించి, ప్రతి సాయంకాలము జనులను కూర్చుండబెట్టి, ఎలుగుల భోజనమును నాటకమువలె చూపించుచుండిరి. బాటల ప్రక్క ఎలుగులు బిచ్చగాండ్రవలె నిలుచుండగా యాత్రికులు మోటారుకార్ల కిటికీలలోనుండి రొట్టెలు, మిఠాయిలు అందించెడివారు.

చేతితో తినిపించరాదని 1902లోనే నిబంధన యున్నది. కాని ఎవరు విందురు? ఒకప్రక్క తినిపించవలదని పలుకుచు, మఱియొకప్రక్క తిండి కుప్పల చుట్టు బల్లలు వేసి చూపుట, తండ్రి చుట్ట కాల్చుచు కొడుకును పొగ త్రాగవద్దనుటవంటిది. నిబంధన చెప్పిరి గాని, దాని కారణము చెప్పలేదు. ఫలితము వినుడు. 1931 మొదలు 1969 వఱకు సగటున ఏటికి 48 మంది ఆ వనములో ఎలుగులచే గాయపడిరి.

1959లో ఫ్రాంక్ క్రెయిగ్‌హెడ్, జాన్ క్రెయిగ్‌హెడ్ అను కవలసోదరులు అచ్చటి గ్రిజ్లీ ఎలుగులను శ్రద్ధగా పరిశోధింపసాగిరి. 1961లో ఒక ఎలుగు మెడకు చిన్న రేడియో యంత్రమును పట్టీవలె కట్టి, అది ఎచ్చట తిరుగునో, ఎచ్చట నిద్రించునో దూరమునుండియే కనిపెట్టిరి. తరతరములుగా చెత్తగోతులకు అలవాటుపడిన జంతువులకు ఆ తిండిని ఒక్కసారి ఆపక, మెల్లమెల్లగా మాన్పించవలెనని వారి సలహా. వనాధికారులు ఒప్పుకొనలేదు, 1970 ప్రాంతమున గోతులను త్వరత్వరగా మూయించిరి. ఆకలిగొన్న ఎలుగులు యాత్రికుల డేరాలమీద పడెను, పెక్కింటిని చంపవలసివచ్చెను. 1975 నాటికి ఆ వనమందును చుట్టుప్రక్కలను కలిపి 136 మాత్రమే మిగిలియుండునని లెక్క వేసిరి. ఆ ఏటనే వానిని ముప్పునందున్న జంతువుల పట్టికకు ఎక్కించిరి.

తరువాత బుద్ధి తెచ్చుకొని అధికారులు మూడు పనులు చేసిరి. ఎలుగు మూత తీయలేని చెత్తడబ్బాలు పెట్టించిరి. నిబంధనను మాటలలో కాక చేతలలో అమలుపఱచిరి. అన్నిటికంటె ముఖ్యముగా, ప్రవేశద్వారము మొదలు వంటచేసికొను బల్లవఱకు ప్రతిచోటను కారణము చెప్పసాగిరి: మనుష్యుని చేతి తిండి మరిగిన ఎలుగు మనుష్యునికి భయపడదు, భయపడని ఎలుగు ఎవరినో గాయపఱచును, గాయపఱచిన ఎలుగును కాల్చివేయక తప్పదు. కనుక నీవు ఇచ్చు రొట్టెముక్క దానికి మృత్యువు. ఎలుగులకును తోడేళ్లకును 91 మీటర్ల దూరమున నుండవలెనని నియమము. ఇప్పుడు ఎలుగులచే గాయపడువారు ఏటికి సుమారు ఒక్కరు. గ్రిజ్లీల సంఖ్య ఆ ప్రాంతమంతట సుమారు వేయికి పెరిగినది. తినిపించుట దయ యని తలచినవారికి, తినిపించకుండుటయే దయ యని నచ్చజెప్పుటచేత ఇటు మనుష్యులును అటు మృగములును బ్రదికిరి.

వేడినీటి నాచులో ఒక పెన్నిధి

పాలు కాచినచో అందలి సూక్ష్మజీవులు నశించునని మనమెల్లరము ఎఱుగుదుము. 1966లో టామస్ బ్రాక్ అను శాస్త్రజ్ఞుడు యెల్లోస్టోను బుగ్గలలో, 70 డిగ్రీల వేడిలో హాయిగా పెరుగు ఒక సూక్ష్మజీవిని చూచెను. హడ్సన్ ఫ్రీజ్ అను శిష్యునితో కలిసి 1969లో దానిని లోకమునకు వెల్లడించెను. దాని పేరు థెర్మస్ అక్వాటికస్. ఆ నాచునీటి పురుగువలన ఏమి ప్రయోజనమని ఆనాడు ఎవరైన అడిగియుందురు. 1976లో ఆలిస్ చియెన్ అను విద్యార్థిని, తన తోటివారితో కలిసి, ఆ జీవిలోనుండి వేడికి చెడిపోని ఒక పదార్థమును వేఱుచేసెను. 1983లో కారీ మల్లిస్ జన్యుపదార్థమును కోట్లకొలది ప్రతులుగా పెంచు పద్ధతిని ఊహించెను. ఆ పద్ధతిలో మాటిమాటికి వేడిచేయవలసియుండును గనుక, అచిరకాలములోనే ఈ పదార్థము దానికి ప్రాణమైనది. 1993లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చెను. 2020లో కోవిడ్ మహమ్మారి నాడు మన యింటింట ముక్కులో పుల్ల పెట్టి చేసిన ఆర్.టి.పి.సి.ఆర్. పరీక్షకు ఆధారము ఆ పద్ధతియే. అడవిలోని ఒక మడుగును కాపాడుటకును మన పిల్లల జ్వరపరీక్షకును గల యీ చుట్టరికము తెలిసిన గృహిణి, అడవి మనకెందుకని ఇక అడుగదు.

అందమైన కథ, అసలు కథ

చెప్పకపోవుటవలన వచ్చు కీడు చూచితిమి. మిక్కిలి అందముగా చెప్పుటవలన కూడ ఒక కీడు గలదు.

యెల్లోస్టోనులో తోడేళ్లను శత్రువులుగా నెంచి 1926 నాటికి నిర్మూలించిరి. ఎల్కు లను పెద్ద జింకలు పెరిగి, ఏటిగట్ల విల్లో చెట్లను మేసివేసెను. ఆ చెట్లతో ఆనకట్టలు కట్టుకొను బీవరులు కూడ తగ్గిపోయెను. 1995, 1996 సంవత్సరములలో కెనడానుండి 31 తోడేళ్లను తెచ్చి విడిచిరి. జింకలు తగ్గినవి, కొన్నిచోట్ల చెట్లు చిగిర్చినవి. 2014లో ఒక చిన్న చలనచిత్రము ఈ కథను చెప్పుచు, తోడేళ్లు నదుల గతినే మార్చివేసినవని పలికినది. కోట్లకొలది జనులు దానిని చూచి మురిసిరి. పాఠశాలలలోను ఆ కథ చెప్పుకొనిరి.

ఇంతలో కొందఱు శాస్త్రజ్ఞులు 2001 నుండియు అచ్చటి ఏటిగట్లపై ఓపికతో ఒక పరీక్ష నడుపుచుండిరి. కొన్ని చోట్ల జింకలు రాకుండ కంచె వేసిరి; కొన్ని చోట్ల చిన్న కట్టలు కట్టి నీటిమట్టము పెంచిరి. కంచెయు నీరును రెండును గల చోట చెట్లు చక్కగా ఎదిగినవి. తక్కినచోట్ల అంతగా ఎదుగలేదు. బీవరులు లేని డెబ్బది యేండ్లలో ఏరులు నేలను కోసికొని లోతునకు దిగిపోయినవి. బావిలో నీరు అడుగంటినపుడు ఉన్న చేద తాడు చాలనట్లు, విల్లో వేళ్లకు ఆ నీరు అందలేదు. ఇరువదియేండ్ల ఫలితములను 2024లో ప్రకటించుచు, తోడేళ్లు తిరిగివచ్చినంతమాత్రమున పాడైనదంతయు బాగుపడలేదని వారు చెప్పిరి. జింకలు తగ్గుటకు ఎలుగులు, కొండసింహములు, మనుష్యుల వేట కూడ కారణములే. ఈ విషయమున శాస్త్రజ్ఞులలో నేటికిని భేదాభిప్రాయము లున్నవి.

దీనినిబట్టి తోడేళ్లను తెచ్చుట వ్యర్థమని తలంపరాదు. పోగొట్టుకొనిన దానిని తిరిగి తెచ్చినను, మునుపటి స్థితి వెంటనే రాదని నేర్చుకొనవలెను. ఇది అందమైన కథకంటె విలువగల పాఠము. ఏలయన, దేనినైనను పాడుచేసి పిదప బాగుచేసికొనవచ్చునను ధీమా నుండి ఇది మనలను తప్పించును. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్న చందము కాకూడదు గదా!

మన త్రోవలో

ఇదియంతయు దూరదేశపు ముచ్చట యని త్రోసివేయవలదు. మనలో పలువురు మ్రొక్కు తీర్చుకొనుటకు తిరుమల మెట్లెక్కువారమే. ఆ శేషాచలపు అడవులలోనే 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయోద్యానవనము ఏర్పడినది. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆఱేండ్ల బాలికను చిరుతపులి పొట్టనబెట్టుకొనినది. ఆ తల్లి కడుపుకోత తలచిన హృదయము కరగును. తరువాత అధికారులు కెమెరాలు, బోనులు పెట్టించిరి. యాత్రికుల చేతికి కఱ్ఱలిచ్చిరి. దారిలో జంతువులకు ఆహారము పెట్టరాదనియు, అంగళ్లవారు చెత్త బయట పాఱవేయరాదనియు ఆజ్ఞాపించిరి.

ఆజ్ఞ అందఱును విందురు. కారణము కొందఱికే తెలియును. పండుముక్క రుచి మరిగిన జింక దారి ప్రక్కనే కాచుకొనును. ఎంగిలాకులకు కుక్కలు, పందులు చేరును. అవి చేరిన చోటికి వాని వెనుకనే చిరుత వచ్చును. యెల్లోస్టోను ఎలుగు కథయు ఈ కథయు అక్కచెల్లెండ్రవంటివి. మూగజీవికి పిడికెడు పెట్టుట మన యింట పుణ్యకార్యము. ఆ మంచి అలవాటే అడవిలో ప్రాణాంతకమగునని చెప్పుటకు ఒక్క పలక చాలదు. ప్రతి యింట తల్లి చెప్పవలెను.

కావున సోదరీమణులకు నా మనవి. పిల్లలతో అట్టి చోట్లకు పోవునప్పుడు, అటవీశాఖవారు నాటిన పలకను దాటిపోక, నిలిచి, బిగ్గరగా చదివి వినిపింపుడు. వనరక్షకుడు కనబడినచో ఈ నియమమెందుకని బిడ్డలచేత అడిగింపుడు. అడుగువారుండిననే చెప్పువారికి ఉత్సాహము. తినుబండారముల సంచి మూతి గట్టిగా కట్టి, మిగిలినది ఇంటికి తిరిగి తెండు. చిన్నవారిని చేయి విడువక, గుంపునుండి వెనుకబడనీయక నడిపింపుడు.

మఱియు, అడవిని గూర్చి ఏదైన వింతకథ విన్నప్పుడు మూడు ప్రశ్నలు వేయుడు. ఎవరు చూచిరి? ఎంతకాలము చూచిరి? ఇంకను తేలనిదేమి? పప్పు ఉడికినదో లేదో రెండు గింజలు నలిపి చూచి గాని దింపని మనకు ఈ పరీక్ష క్రొత్తదేమియు కాదు.